ఒక్క థ్రెడ్ మీద అపవాదు

పెట్టెలో ఒక అక్షరం కొడితే అది తెర మీద పడేసరికి అర సెకను పైనే పట్టేది. వరుసగా నాలుగు కొట్టి చేతులు కట్టుకుని కూర్చుంటే, కాసేపటికి నాలుగూ ఒక్కసారే ఊడిపడేవి. నలభై వేల వరుసలున్న పట్టిక, దాని నెత్తిన ఒక సెర్చ్ పెట్టె. కొట్టిన అక్షరాలను బట్టి వరుసలు వడపోసి చూపించాలి, అంతే పని. రాసింది నేనే. ఫిర్యాదులు మొదలయ్యాక నేను చేసిన మొట్టమొదటి పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది: వడపోసే ఫంక్షన్ ముందు అసింక్ అనే జావాస్క్రిప్ట్ మాట తగిలించాను. లోపల, ఒక జవాబు వచ్చేదాకా ఫంక్షన్‌ను ఆపి ఉంచే అవెయిట్ కూడా ఒకటి పెట్టాను. ఇక అది ఎక్కడో వెనకాల నడుస్తుంది, ముందు టైపింగ్ సాఫీగా సాగిపోతుందని గట్టి నమ్మకం.

వెంట్రుకవాసి కూడా తేడా రాలేదు. పక్కన కూర్చునే మిత్రుడు ఓసారి తొంగి చూసి, "జావాస్క్రిప్ట్‌కి థ్రెడ్లు లేవు కదా, అంతే మరి" అని తేల్చేసి వెళ్ళిపోయాడు. థ్రెడ్ అంటే ఒకదాని వెనక ఒకటిగా నడిచే పనుల వరుస. ఎక్కువ థ్రెడ్లుంటే పనులు పక్కపక్కనే నడుస్తాయి. పేజీలోని జావాస్క్రిప్ట్ నడిచేది ఒక్కదాని మీదే. ఈ మాట నేను ఏళ్ళ తరబడి వింటున్నాను. పేజీ బిగుసుకుపోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు అంటారు. నేనూ అన్నాను. ఇప్పుడు మాత్రం ఆ మాటతో నాకు తగువుంది.

బ్రౌజర్ మనకిచ్చిన వాటిలో అన్నిటికన్నా విలువైనది ఆ ఒక్క థ్రెడ్డే అంటాను నేను. పేజీలు బిగుసుకుపోయేది ఎక్కువగా మనం చేస్తున్న పనిని మధ్యలో కింద పెట్టకపోవడం వల్ల, లేదా చెయ్యక్కర్లేని పని చేయడం వల్ల. ఇక "ఒక్క థ్రెడ్డే కాబట్టి మనకు రేస్ కండిషన్లు, అంటే రెండు పనులు ఒకే విలువ మీద పడి పాడుచేసే తప్పులు, రావు" అని ధీమాగా ఉండేవాళ్ళ కాళ్ళ కింద అవెయిట్ ఎప్పుడో గోతులు తవ్వి పెట్టింది. థ్రెడ్లు కావాలని గోల చేసేవాళ్ళు చాలామంది ఆ గోతుల్ని చూడనే చూడరు.

ఆ ఒక్క థ్రెడ్ మనకిచ్చే హామీ ఏమిటో ముందు చూద్దాం. ఒక ఫంక్షన్ మొదలైతే అది పూర్తయ్యేదాకా ఆ పేజీలో ఇంకే స్క్రిప్టూ మధ్యలో దూరదు. క్లిక్ వచ్చినా, టైమర్ మోగినా, సర్వర్ నుంచి జవాబు వచ్చినా అన్నీ క్యూలో నిలబడాల్సిందే. ఈవెంట్ లూప్ క్యూలోంచి ఒకటి తీస్తుంది, దాన్ని ఆసాంతం నడుపుతుంది, ఆ తరువాతే ఇంకొకటి. ఫంక్షన్ మొదటి గీతలో ఒక అర్రే (విలువల జాబితా) పొడవు చూశారనుకోండి, ఇరవయ్యో గీతలో కూడా అదే పొడవు, మీరు మార్చుకుంటే తప్ప. ఇది ఎంత మామూలుగా అనిపిస్తుందంటే, దీన్నొక హామీ అని ఎవరూ అనుకోరు.

ఆ హామీ లేని చోట కొన్నాళ్ళు పనిచేస్తే దాని విలువ తెలుస్తుంది. నేను బ్రౌజర్ వైపు రాకముందు జావాలో సర్వర్ కోడ్ రాసేవాణ్ణి. ఒక లెక్క అప్పుడప్పుడూ ఒకటి తక్కువ వచ్చేది. రోజుకు ఒకసారో, రెండు రోజులకు ఒకసారో. ఎక్కడ పోతోందో చూద్దామని లాగ్ గీత ఒకటి చేరిస్తే చాలు, తప్పు మాయం. తీసేస్తే మళ్ళీ ప్రత్యక్షం. రెండు వారాలు తిన్నది ఆ బగ్. చివరికి తేలిందేమిటంటే, ఒక వేరియబుల్‌కు ఒకటి కలపడమనే చిన్న పని. మన కంటికి అది ఒక్క పని. యంత్రానికి మూడు: ఉన్న విలువ చదవాలి, ఒకటి కలపాలి, తిరిగి రాయాలి. రెండు థ్రెడ్లు ఒకేసారి 41 చదివితే రెండూ 42 రాస్తాయి, 43 రావలసిన చోట. లాగ్ గీత ఆ రెంటి మధ్యా కాస్త ఎడం పెంచేది, అందుకే తప్పు దాక్కునేది.

నాలాంటివాడి సంగతి సరే. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన నాసా నౌక పాత్‌ఫైండర్‌కు కూడా ఇలాంటి తిప్పలే వచ్చాయి. వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్యం పని ఒకటి లాక్ (ఒకసారి ఒక్కరే వాడాల్సినదానికి వేసే తాళం) పట్టుకుని కూర్చుంది. అదే లాక్ కోసం ఎక్కువ ప్రాధాన్యమున్న పని ఎదురుచూస్తోంది. ఈలోగా మధ్యరకం ప్రాధాన్యమున్న పని వచ్చి, లాక్ పట్టుకున్నదాన్ని నడవనివ్వలేదు. ఎక్కువ ప్రాధాన్యం పని ఎంతకీ పూర్తికాకపోవడంతో కాపలా టైమర్ ఏదో చెడిపోయిందనుకుని కంప్యూటర్ మొత్తాన్ని రీసెట్ చేసేది. మళ్ళీ మళ్ళీ జరిగింది. భూమ్మీద నమూనా యంత్రం మీద అదే తప్పును తిరిగి రప్పించి, దాని కిటుకు కనిపెట్టి, సవరణను అంగారకుడికి పంపారు. నాసా ఇంజనీర్లకే తల ప్రాణం తోకకొచ్చిన వ్యవహారాన్ని, పేజీలో నాలుగు బటన్లు పెట్టుకునే ప్రతివాడి చేతికీ ఇవ్వాలా అన్నది నా ప్రశ్న.

దీనికి వచ్చే జవాబు నాకు తెలుసు. "జావాస్క్రిప్ట్‌ను 1995లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో కట్టి ఇచ్చాడు, అందుకే థ్రెడ్లు పెట్టలేదు, తీరికుంటే పెట్టేవాడు." పది రోజుల సంగతి నిజమే. కానీ తీరిగ్గా కట్టినవాళ్ళేం చేశారో చూడండి. జావా స్వింగ్‌లో తెర మీద వస్తువుల్ని ముట్టుకోవడానికి ఒకే ఒక్క థ్రెడ్. ఆండ్రాయిడ్‌లో ఒకటే. ఐఫోన్ యూఐకిట్‌లోనూ ఒకటే. ఆ భాషల్లో థ్రెడ్లకేం కొదవ లేదు, అయినా తెర దగ్గరికొచ్చేసరికి అందరూ ఒక్కదానికే కట్టుబడ్డారు.

కారణం సోమరితనం కాదు. సన్ సంస్థలో జావా బాధ్యతలు చూసిన గ్రేహమ్ హామిల్టన్ 2004లో దీన్ని చక్కగా విడమరిచాడు. మౌస్ క్లిక్ కింద ఆపరేటింగ్ సిస్టంలో పుట్టి, తెర మీద వస్తువుల్ని గీసే టూల్‌కిట్ గుండా పైకి మన కోడ్ దాకా వస్తుంది. మన కోడ్ "ఈ పెట్టె రంగు మార్చు" అంటే ఆ ఆజ్ఞ పైనుంచి కిందికి దిగుతుంది. ఎక్కేవాళ్ళు కింది లాక్ ముందు పట్టుకుని పై లాక్ కోసం చూస్తారు. దిగేవాళ్ళు పై లాక్ పట్టుకుని కింది లాక్ కోసం చూస్తారు. ఇరుకు మెట్ల మీద ఎదురుపడ్డ ఇద్దరిలాగా ఎవరూ తప్పుకోరు. దాన్నే డెడ్‌లాక్ అంటాం. ఎంత తెలివైనవాళ్ళు రాసినా తెర, మీట ఉన్న ప్రతి చోటా ఈ ఎక్కుడు దిగుడు ఉంటుంది. బ్రౌజర్‌లో పేజీ వస్తువులన్నిటి అమరికను డామ్ అంటారు. దానికి మాత్రం ఉండదా?

ఇక నా సెర్చ్ పెట్టె దగ్గరికి వద్దాం. అసింక్ ఎందుకు పనిచేయలేదు? అసింక్ ఫంక్షన్ మొదటి అవెయిట్ దాకా మామూలు ఫంక్షన్‌లాగే, అదే థ్రెడ్ మీద, అక్కడికక్కడే నడుస్తుంది. నేను పెట్టిన అవెయిట్ అప్పటికే తీరిపోయిన ప్రామిస్ (తరువాత వచ్చే జవాబుకు ఇచ్చే చీటీ) మీద పెట్టాను. అలాంటప్పుడు మిగతా సగం మైక్రోటాస్క్ క్యూలోకి వెళుతుంది. ఆ క్యూకు ఒక మొండి గుణం ఉంది: అది పూర్తిగా ఖాళీ అయ్యేదాకా బ్రౌజర్ తెర గీయదు, తరువాతి మీట నొక్కుడూ చూడదు. అంటే నేను పనిని కింద పెట్టాననుకున్నాను, నిజానికి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నానంతే. నమ్మకం లేకపోతే ప్రయోగం చేసి చూడండి. తనను తాను ప్రామిస్ ద్వారా పిలుచుకుంటూ పోయే ఫంక్షన్ రాస్తే ట్యాబ్ కొయ్యబారుతుంది. అదే సెట్‌టైమౌట్ అనే టైమర్ ద్వారా పిలుచుకుంటూ పోతే పేజీ హాయిగా స్క్రోల్ అవుతుంది.

సెకనుకు 60 సార్లు తెర గీయాలంటే ఒక్కో ఫ్రేముకు చేతిలో ఉండేది 16.7 మిల్లీసెకన్లు. అందులో మళ్ళీ బ్రౌజర్ సొంత పని ఉంటుంది. 50 మిల్లీసెకన్లు దాటిన ఏ పనినైనా "లాంగ్ టాస్క్" అని లెక్కగడతారు. మీట నొక్కినప్పటి నుంచి తెర మీద మార్పు కనబడేదాకా 200 మిల్లీసెకన్లలోపు ఉంటే బాగున్నట్టు అని గూగుల్ పెట్టిన ఐఎన్‌పీ కొలత 2024 మార్చి నుంచి పాత కొలత స్థానంలోకి వచ్చింది. నా పెట్టెకు పట్టేది 620. ఊహలు కట్టిపెట్టి పర్ఫార్మెన్స్ ప్యానెల్ తెరిచి చూస్తే, అందులో 90 మాత్రమే వడపోత. అదీ ఎందుకంటే ప్రతి మీటకూ ప్రతి వరుసలోని పన్నెండు గడుల్నీ కలిపి కొత్త స్ట్రింగ్ అల్లుతున్నాను. మిగతా అయిదు వందల చిల్లరా డామ్‌లో వేల వరుసలు పీకి మళ్ళీ నాటడానికే. తెర మీద ఒకేసారి కనబడేది ముప్పై వరుసలు!

స్ట్రింగులు ఒకేసారి అల్లి దాచుకున్నాను. కనబడే ముప్పై వరుసలూ, పైన కిందా ఇంకొన్నీ మాత్రమే గీశాను. 620 కాస్తా 11 అయింది. ఒక్క థ్రెడ్డు కూడా చేర్చలేదు.

అయితే నిజాయితీగా ఒక మాట చెప్పాలి. ఆ దారికి రాకముందు నేను వర్కర్ కూడా వాడి చూశాను. వెబ్ వర్కర్లు కొత్తవేం కాదు, 2009లోనే ఫైర్‌ఫాక్స్ 3.5లో, సఫారీ 4లో వచ్చేశాయి. అంతకు ముందు గూగుల్ గేర్స్‌లో వర్కర్‌పూల్ అని ఉండేది. అంటే "థ్రెడ్లు లేవు" అన్న మాట ఎప్పుడో పాతబడింది. వర్కర్ అచ్చంగా వేరే థ్రెడ్డే, దానికి సొంత ఈవెంట్ లూప్ ఉంటుంది. డామ్ మాత్రం దాని కంటికి కనబడదు. మాటామంతీ అంతా పోస్ట్‌మెసేజ్‌తోనే. నేను ఉత్సాహంగా ప్రతి మీటకూ నలభై వేల వరుసల్నీ వర్కర్‌కు పంపాను. పంపిన వస్తువు నకలు తీయబడి వెళుతుంది, ఆ నకలు తీసేది మెయిన్ థ్రెడ్డే. వడపోతకు పట్టే 90 మిల్లీసెకన్లు తప్పించుకోవడానికి నకలు తీయడానికి దానికి రెట్టింపు ఖర్చుపెట్టాను. గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చుకుని కాలు నరుక్కోవడమంటే ఇదే. వరుసల్ని ఒకసారే పంపి అక్కడే ఉంచి, ఆ తరువాత కొట్టిన అక్షరాలు మాత్రమే పంపుతూ ఉండాల్సింది. ఆ బుద్ధి తరువాత పుట్టింది.

వర్కర్ల మీద నాకు కోపం లేదు. బొమ్మలు కుదించడం, పెద్ద ఫైళ్ళు విప్పడం, ఎన్‌క్రిప్షన్ లాంటివాటికి అవే సరైన చోటు. నాకు మరీ నచ్చింది అందులోని ట్రాన్స్‌ఫర్ పద్ధతి. పెద్ద అర్రేబఫర్‌ను (ముడి డేటా మూటను) నకలు తీయకుండా ఇచ్చేయవచ్చు. ఇచ్చిన మరుక్షణం మీ వైపు దాని పొడవు సున్నా. ముట్టుకోబోతే ఏమీ లేదు. ఒక సమయంలో ఒక్కరి చేతిలోనే వస్తువు ఉంటుంది. ఇద్దరూ ఒకేసారి రాసే అవకాశమే లేకుండా చేశారన్నమాట. పంచుకోవడం కన్నా చేతులు మార్చుకోవడం మేలన్న ఈ నియమాన్ని ఎవరు ఆలోచించారో గానీ వాళ్ళకో దండం.

పంచుకోవడం కూడా వచ్చింది, కాదనను. జావాస్క్రిప్ట్ ప్రమాణమైన ఎక్మాస్క్రిప్ట్ 2017లో షేర్డ్‌అర్రేబఫర్, అటామిక్స్ చేరాయి. ఒకే మెమరీని రెండు థ్రెడ్లు ఏకకాలంలో చదవచ్చు, రాయచ్చు. ముచ్చట ఎన్నాళ్ళో నిలవలేదు. 2018 జనవరి మొదటి వారంలో ప్రాసెసర్లలోని స్పెక్టర్ లోపం బయటపడగానే బ్రౌజర్లన్నీ దాన్ని ఆపేశాయి. ఎందుకో తెలుసా? ఒక వర్కర్ ఊరికే కూర్చుని పంచుకున్న మెమరీలో ఒక అంకెను పెంచుకుంటూ పోతే చాలు, అది అత్యంత సూక్ష్మమైన గడియారమైపోతుంది. ప్రాసెసర్ కేష్‌లో ఏముందో సమయం కొలిచి పసిగట్టే దాడికి అలాంటి గడియారమే కావాలి. బ్రౌజర్ సొంత గడియారాల ఖచ్చితత్వాన్ని కూడా అప్పుడే తగ్గించేశారు. తరువాత మళ్ళీ తెరిచారు గానీ, ఇప్పుడది కావాలంటే సర్వర్ రెండు ప్రత్యేక హెడర్లు పంపి పేజీని పరాయి వనరుల నుంచి వేరు చేసుకోవాలి. బయటి ప్రకటనలూ వీడియోలూ ఇరికించుకునే పేజీలకు అది తలనొప్పి.

ఇంకో సంగతి గమనించండి. అటామిక్స్ వెయిట్ అంటే, ఫలానా విలువ మారేదాకా థ్రెడ్డును నిద్రపుచ్చడం. దాన్ని బ్రౌజర్ మెయిన్ థ్రెడ్ మీద పిలిస్తే ఎర్రర్ విసురుతుంది. పంచుకునే మెమరీని తెచ్చినవాళ్ళే మెయిన్ థ్రెడ్డును మాత్రం ఆపనివ్వలేదు. నా వాదనకు అంతకంటే సాక్ష్యం వెతుక్కోను.

సీ ప్లస్ ప్లస్‌లో ఏళ్ళ తరబడి పెరిగిన భారీ ప్రోగ్రాములను బ్రౌజర్ నడపగల వెబ్ అసెంబ్లీ రూపంలోకి మార్చి బ్రౌజర్‌లోకి తెచ్చేవాళ్ళకు ఈ పంచుకునే మెమరీ ప్రాణావసరం. వెబ్‌లోకి వచ్చిన ఫోటోషాప్ దీని మీదే ఆధారపడింది. అది వాళ్ళ పని, వాళ్ళకు అనుభవమూ ఉంది. నేను మాట్లాడేది పట్టికలూ ఫారాలూ రాసుకునే మన గురించి.

మన అసలు గోతులు వేరే చోట ఉన్నాయి. జావాస్క్రిప్ట్ వేరియబుల్ పేర్లకు తెలుగు అక్షరాలు నిక్షేపంగా ఒప్పుకుంటుంది, కాబట్టి తెలుగులోనే రాస్తాను. ఒక ఫంక్షన్‌లో ఇలా ఒక గీత ఉందనుకోండి:

మొత్తం = మొత్తం + అవెయిట్ తెచ్చుకో(పేజీ)

మూడు పేజీలకు దీన్ని ఒకేసారి పిలిచాం. ఒక్కోటి 10 తెస్తుంది. చివర్లో మొత్తం ఎంత? ముప్పై అనుకుంటాం, పది వస్తుంది. భాష ఎడమ నుంచి కుడికి లెక్కగడుతుంది. ముందు మొత్తం విలువ చదివేసింది, అప్పటికది సున్నా. ఆ సున్నాను పట్టుకుని అవెయిట్ దగ్గర ఆగింది. మిగతా రెండు పిలుపులూ వచ్చి అవీ సున్నానే చదువుకున్నాయి. జవాబులొచ్చాక మూడూ ఎవరికి వారు సున్నాకు పది కలిపి రాసి వెళ్ళిపోయాయి. నా పాత జావా బగ్గే, వేషం మార్చుకుని వచ్చింది. ఉన్నది ఒక్క థ్రెడ్డే, అయినా లెక్క పోయింది. తెచ్చుకున్న సంఖ్యను ముందు గీతలో ఒక వేరియబుల్‌లో పెట్టుకుని, తరువాతి గీతలో మొత్తానికి కలిపితే తప్పు పోతుంది. చదవడానికీ రాయడానికీ మధ్య అవెయిట్ లేదు కాబట్టి ఇంకెవరూ దూరలేరు.

ఇందులోనే నాకు ఊరట కూడా కనబడుతుంది. థ్రెడ్లున్న భాషలో ప్రతి రెండు ఆజ్ఞల మధ్యా అనుమానపడాలి. ఇక్కడ మన పనిని ఎక్కడ వదిలి వెళ్ళామో గీత మీద అవెయిట్ అని రాసే ఉంటుంది. జవాబు వచ్చాక పిలవమని ఫంక్షన్ ఇచ్చి పోయే కాల్‌బ్యాకుల కాలంలో ఈ మాత్రం గుర్తు కూడా ఉండేది కాదు.

సెర్చ్ పెట్టెల్లో మాత్రం ఇంకో రకం ఉంది. "క", "కమ", "కమల" అని మూడు అభ్యర్థనలు వెళ్ళాయి. "కమల" జవాబు ముందొచ్చింది, "క" జవాబు నింపాదిగా చివర్లో వచ్చి దాన్ని తుడిచేసింది. పెట్టెలో కమల, కింద కాకి, కలువ, కడవ. బయల్దేరిన వరుసలోనే జవాబులు తిరిగొస్తాయని ఎవరూ హామీ ఇవ్వలేదు. కొత్తది పంపేముందు పాతదాన్ని అబార్ట్‌కంట్రోలర్‌తో రద్దు చేయాలి, అంతే.

అసలు నిద్ర చెడగొట్టేది ట్యాబుల వ్యవహారం. మామూలుగా ఒక్కో ట్యాబుకు ఒక్కో థ్రెడ్, కానీ పేజీ తన సమాచారం దాచుకునే లోకల్‌స్టోరేజ్ ఒకే సైటు ట్యాబులన్నిటికీ ఉమ్మడి. హెచ్‌టీఎంఎల్ ప్రమాణంలో ఒకప్పుడు దానికో తాళం ఉండాలని రాసుకున్నారు. ఆచరణలో అది కుదరక, చివరికి ఆ మాటే తీసేశారు. నేను పనిచేసిన ఒక ప్రాజెక్టులో కొంతమంది ఉన్నట్టుండి లాగౌట్ అయిపోయేవారు. అందరివీ ఒకటే లక్షణం: రెండు మూడు ట్యాబులు తెరిచి పెట్టుకునే అలవాటు. లాగిన్ టోకెన్ (లాగిన్ అయ్యారని చూపే చీటీ) గడువు తీరగానే అన్ని ట్యాబులూ ఒకేసారి పాత టోకెన్ చూపించి కొత్తది అడిగేవి. సర్వర్ మొదటిదానికి ఇచ్చేది. వాడేసిన టోకెన్‌తో రెండోది రాగానే ఎవరో దొంగిలించారనుకుని అందరినీ బయటికి గెంటేది. సర్వర్ తప్పేం లేదు, అది సరిగ్గానే కాపలా కాసింది.

వెబ్ లాక్స్ అని ఒకటుంది, 2022 నాటికి ప్రధాన బ్రౌజర్లన్నిటిలోకీ వచ్చేసింది. ఒక పేరు చెప్పి లాక్ అడుగుతాం, దొరికినప్పుడు మన ఫంక్షన్‌ను పిలుస్తుంది. లాక్ దొరికాక మొదట చేయాల్సింది, ఈలోగా వేరే ట్యాబ్ కొత్త టోకెన్ తెచ్చేసిందేమో చూడటం. తెస్తే అదే వాడుకోవాలి. లాక్ పట్టుకున్న ట్యాబును మధ్యలో మూసేసినా బ్రౌజరే దాన్ని విడిపిస్తుంది. "ఇంతసేపూ లాకులొద్దని ఇప్పుడు లాకంటావేం" అని మీరు అడగవచ్చు. ఇది దొరికేదాకా ఎవరినీ నిలబెట్టేయదు, పేజీ మామూలుగా కదులుతూనే ఉంటుంది. అయినా రెండు లాకుల్ని రెండు చోట్ల తిరగమరగగా అడిగితే ఇక్కడా డెడ్‌లాక్ వస్తుంది. అందుకే నేను రెండోది పెట్టుకోను.

పని నిజంగానే పెద్దదై, వర్కర్‌కు పంపే వీలు లేకపోతే ముక్కలు చేసుకోవాలి. ఇదివరకు సెట్‌టైమౌట్ సున్నాతో చేసేవాళ్ళం. లోపల్లోపల ఐదారుసార్లు పిలిచేసరికి బ్రౌజర్ దానికి కనీసం 4 మిల్లీసెకన్ల ఆలస్యం అంటగడుతుంది, పైగా క్యూ చివరకు నెట్టేస్తుంది. 2024లో క్రోమ్‌లోకి వచ్చిన షెడ్యూలర్ ఈల్డ్ దానికన్నా మర్యాదస్తురాలు. మధ్యలో మీట నొక్కుళ్ళకు దారిచ్చి, మిగిలిన పనికి క్యూలో ముందు చోటే ఉంచుతుంది. ఇదీ అవెయిట్‌తోనే వాడేది కాబట్టి, పైన చెప్పిన గొయ్యి ఇక్కడా ఉంటుంది. ముక్కకూ ముక్కకూ మధ్య ఎవరైనా వచ్చి మీ అర్రేను మార్చి పోవచ్చు.

నా పట్టిక ఇప్పటికీ 11 మిల్లీసెకన్లలోనే వడపోస్తోంది. వర్కర్ ఫైలు ఎప్పుడో తీసేశాను. మొదటి రోజు నేను తగిలించిన అసింక్ మాత్రం ఆ ఫంక్షన్ ముందు అలాగే వేలాడుతోంది. మొన్న తీసేద్దామని వెతికితే, దాన్ని పిలిచే పదకొండు చోట్లలో నాలుగింట ఎవరో, ప్రామిస్ వస్తేనే పనిచేసే దెన్ తగిలించి ఉన్నారు. తీస్తే అవి విరుగుతాయి.